ఒక్క ఫైలు, ఒక్క ఆదేశం: కంపైల్డ్ భాషల్ని స్క్రిప్టుల్లా నడిపే పనిముట్ల సమీక్ష

ఇరవై లైన్ల పనికి ఒక ప్రాజెక్టు ఫోల్డరు, బిల్డ్ ఫైలు, అవుట్‌పుట్ డైరెక్టరీ పెట్టుకోవడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. లాగ్ ఫైలు చదివి నాలుగు అంకెలు కూడాలన్నా, ఐదొందల ఫైళ్ల పేర్లు మార్చాలన్నా, ఒక ఫైలు రాసి దాన్నే కమాండ్ లైన్ నుంచి నేరుగా నడపగలగాలి. బాష్, పైథాన్ వాడేవాళ్లకు ఈ సౌకర్యం మొదటి నుంచీ ఉంది. నడిపేముందు కంపైల్ చేయాల్సిన (మెషీన్ నడపగల రూపంలోకి మార్చాల్సిన) గో, జావా, రస్ట్, సీ షార్ప్ వాళ్లకు ఒక్కొక్కటిగా అందుతూ వచ్చింది. ఇప్పుడు దాదాపు ప్రతి భాషకూ ఒక రన్నర్ (ఫైలును నేరుగా నడిపే పనిముట్టు) ఉంది, "హలో వరల్డ్" అన్నిట్లోనూ హాయిగా నడుస్తుంది. అందుకని ఇక్కడ పరీక్ష ఇంకొంచెం కఠినంగా పెట్టాను. ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రాము ఇచ్చే ఫలితం సంఖ్య) ఉన్నదున్నట్టు బయటికి వస్తుందా? వేరే డైరెక్టరీలో నిలబడి పిలిచినా అదే పని చేస్తుందా? రెండోసారి పిలిస్తే మళ్లీ మొదటి నుంచీ కంపైల్ చేస్తుందా? బయటి లైబ్రరీ కావాలంటే ఆ సంగతి ఆ ఫైల్లోనే రాసుకోవచ్చా? రాత్రి రెండింటికి క్రాన్ (చెప్పిన సమయానికి పనులు నడిపే ప్రోగ్రాము) పిలిస్తే లేస్తుందా? ఇవి కుదిరితేనే దాన్ని స్క్రిప్టు అనాలి.

(కింద ఆదేశాల్ని తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్పాను.)

మొదటి లైను దగ్గరే సగం గొడవ

"గో నడవలేదు", "జావా నడవలేదు" అని జనం తిట్టుకునే తప్పుల్లో చాలావాటికి ఆ భాషలతో సంబంధమే ఉండదు. ఎగ్జిక్యూట్ అనుమతి ఉన్న ఫైలును పిలిచినప్పుడు లైనక్స్ కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) దాని మొదటి రెండు బైట్లు చూస్తుంది. అవి #! (దీన్నే షెబాంగ్ అంటారు) అయితే, ఆ లైన్లో ఉన్న ప్రోగ్రామును లేపి దాని చేతికి ఫైలు పేరు ఇస్తుంది. చిక్కు ఎక్కడంటే, ప్రోగ్రాము పేరు తర్వాత ఎన్ని పదాలు రాసినా లైనక్స్ వాటిని కలిపి ఒకే ఆర్గ్యుమెంట్‌గా పంపుతుంది. నిమ్ భాష స్క్రిప్టులో "#!/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ నిమ్ ఆర్" అని రాస్తే, ఎన్వ్‌కు (పేరు చెబితే ప్రోగ్రామును వెతికి లేపే పనిముట్టు ఇది) "నిమ్ ఆర్" అని మధ్యలో ఖాళీ ఉన్న ఒకే పేరు చేరుతుంది. ఆ పేరుతో ప్రోగ్రాము ఉండదు కాబట్టి "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వస్తుంది. మాక్ ఓఎస్ మాత్రం ఖాళీల దగ్గర విడదీసి పంపుతుంది. లాప్‌టాప్‌లో నడిచిన స్క్రిప్టు సర్వర్‌లో చతికిలబడటానికి ఇదొక పెద్ద కారణం. దీనికి మందు ఎన్వ్‌కు ఇచ్చే -ఎస్ (ఇక్కడ ఎస్ పెద్ద అక్షరం). "#!/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ -ఎస్ నిమ్ ఆర్" అంటే ఎన్వ్ తనే ముక్కలు చేసుకుంటుంది. గ్నూ కోర్‌యుటిల్స్‌లో ఈ ఆప్షన్ 2018లో, 8.30 వెర్షన్‌తో వచ్చింది. అంతకన్నా పాత డిస్ట్రిబ్యూషన్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇదే లైన్లో ఇంకో రెండు ఉచ్చులున్నాయి. విండోస్ ఎడిటర్‌లో సేవ్ చేసిన ఫైల్లో లైను చివర క్యారేజ్ రిటర్న్ ఉంటుంది. కెర్నెల్ దాన్ని ప్రోగ్రాము పేరులో భాగం అనుకుంటుంది. ప్రోగ్రాము కళ్లెదురుగా ఉన్నా "లేదు" అని తప్పు చూపిస్తుంది, ఆ కనబడని అక్షరం కోసం గంటలు పోతాయి. రెండోది యూటీఎఫ్-8 బీఓఎమ్ (కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట్లో చేర్చే కనబడని గుర్తు). ఫైలు మొదట్లో ఆ మూడు బైట్లు ఉంటే మొదటి రెండు బైట్లు #! కావు, కెర్నెల్ దాన్ని స్క్రిప్టుగా గుర్తించదు. ఇక లైను పొడవు సంగతి. 5.1కు ముందు కెర్నెల్ ఫైలు మొదట్లో 128 బైట్లే చదివేది, ఆ వెర్షన్ నుంచి 256 చదువుతోంది. పొడవాటి పాత్‌లు, జెండాలు (ఆప్షన్లు) ఆ లైన్లో కుక్కేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

టీసీసీ: వేగంలో దీనికి సాటి లేదు

టైనీ సీ కంపైలర్‌ను రాసింది ఫాబ్రిస్ బెల్లార్డ్. 2001లో అస్పష్టమైన సీ కోడ్ పోటీలో గెలిచిన ఓటీసీసీ అనే బుల్లి కంపైలర్ దీనికి మూలం. "టీసీసీ -రన్ ఫైలు.సీ" అంటే ఎక్కడా ఎగ్జిక్యూటబుల్ రాయకుండా, మెమరీలోనే కంపైల్ చేసి, అదే ప్రాసెస్‌లో మెయిన్‌ను పిలుస్తుంది. చిన్న ఫైలుకు కంపైల్ అయిందన్న సంగతే తెలియదు. క్యాష్ (కంపైల్ చేసినదాన్ని దాచుకునే చోటు) అక్కర్లేదు, శుభ్రం చేయడానికి చెత్త మిగలదు. మెయిన్ ఏ విలువ తిరిగిస్తే అదే ఎగ్జిట్ కోడ్. కోడ్‌ను పైప్ ద్వారా పంపాలంటే ఫైలు పేరు చోట ఒక్క గీత పెడితే చాలు.

ఇందులో నాకు బాగా నచ్చింది మొదటి లైను విషయంలో చూపించిన ముందుచూపు. కెర్నెల్ అన్నీ కలిపి ఒకే ముక్కగా పంపుతుందని తెలిసే, -రన్ తర్వాత ఖాళీలతో రాసిన ఆప్షన్లను టీసీసీ తనే విడదీసుకునేలా కట్టారు. అందుకే "#!/యూఎస్ఆర్/బిన్/టీసీసీ -రన్ -ఎల్ఎమ్" అని గణిత లైబ్రరీని షెబాంగ్‌లోనే కలిపేయొచ్చు, ఎన్వ్ -ఎస్ అవసరం రాదు. లైబ్రరీల డైరెక్టరీ కూడా అక్కడే ఇవ్వొచ్చు. -జీ పెడితే ప్రోగ్రాము కూలినప్పుడు ఫైలు పేరు, లైను నంబరు చూపిస్తుంది. -బీ పెడితే అర్రే హద్దులు దాటిన చోటు పట్టిస్తుంది. సీలో రాసిన స్క్రిప్టుకు ఈ రెండూ ఉంటే కొండంత అండ.

లోట్లు కూడా చెప్పాలి. ఆప్టిమైజేషన్ (కోడ్ వేగం పెంచే మెరుగులు) లేదన్నట్టే లెక్క. కోట్ల సార్లు తిరిగే లూప్ ఉంటే కంపైల్‌లో మిగిలిన సమయం పరుగులో పోతుంది. అధికారిక విడుదలల్లో చివరిది 0.9.27, అది 2017 డిసెంబరు నాటిది. ఆ తర్వాతి పనంతా మాబ్ అనే బ్రాంచిలో సాగుతోంది. కొత్త సిస్టమ్ హెడర్లతో పేచీ వస్తే ఆ బ్రాంచి తెచ్చుకుని సొంతంగా బిల్డ్ చేసుకోవడం మేలు. జీసీసీకే ప్రత్యేకమైన పొడిగింపులు వాడే హెడర్ల దగ్గర, కాంప్లెక్స్ సంఖ్యల దగ్గర 0.9.27 చేతులెత్తేస్తుంది. ఎస్ఈలైనక్స్ కఠినంగా ఉన్న మెషీన్లలో ఇంకో ఇబ్బంది ఉంది. మెమరీలో రాసిన చోటే కోడ్ నడపడానికి అనుమతి దొరకదు. అప్పుడు "ఎమ్‌ప్రొటెక్ట్ ఫెయిల్డ్" అని వచ్చే తప్పులోనే మందు కూడా ఉంటుంది: కాన్ఫిగర్ చేసేటప్పుడు --విత్-ఎస్ఈలైనక్స్ ఇచ్చి మళ్లీ బిల్డ్ చేయాలి.

జావా: చాలామంది అనుకునేదానికన్నా బాగుంది

2018 సెప్టెంబరులో జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 11తో వచ్చిన జేఈపీ (జావా మెరుగుదల ప్రతిపాదన) 330 పుణ్యమా అని "జావా హలో.జావా" అంటే చాలు. కంపైల్ మెమరీలోనే జరుగుతుంది, క్లాస్ ఫైళ్లు డిస్కు మీద పడవు. నడిచేది అదే ప్రాసెస్‌లో కాబట్టి సిస్టమ్.ఎగ్జిట్‌కు ఇచ్చిన సంఖ్య చెక్కుచెదరకుండా షెల్‌కు చేరుతుంది. 2024 మార్చిలో జేడీకే 22, జేఈపీ 458తో, పక్క ఫైళ్లలో ఉన్న క్లాసుల్ని కూడా వెతికి కంపైల్ చేసుకోవడం నేర్చుకుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన జేడీకే 25లో జేఈపీ 512 వల్ల క్లాస్ చుట్టు, పబ్లిక్ స్టాటిక్ తంతు లేకుండా నేరుగా మెయిన్ రాసేయొచ్చు. పది లైన్ల స్క్రిప్టులో నాలుగు లైన్లు ముస్తాబుకే పోయే రోజులు పోయాయి.

షెబాంగ్ పెట్టుకునేవాళ్లు రెండు నియమాలు పాటించాలి. ఫైలు పేరు చివర .జావా ఉండకూడదు, ఉంటే మొదటి లైన్లోని # గుర్తే తప్పుగా లెక్కకొస్తుంది. పొడిగింపు లేదు కాబట్టి అది సోర్స్ ఫైలని చెప్పడానికి --సోర్స్ 21 లాంటిది తప్పనిసరి. ఈ రెండు పదాల్ని లైనక్స్ ఒకే ముక్కగా ఇచ్చినా పర్వాలేదు. --సోర్స్‌తో మొదలైన ముక్కను లాంచర్ తనే చీల్చుకుంటుంది, ఇది టీసీసీ బాటే. మిగతా జెండాలు ఏమైనా ఉంటే --సోర్స్ తర్వాతే రాయండి. ఇంకో మాట: మెయిన్‌ను ఫైల్లో మొట్టమొదటి క్లాసులోనే పెట్టండి. సహాయక క్లాసుల్ని పైన రాసే అలవాటున్నవాళ్లు మార్చుకోవాలి.

బలహీనత ఒకటే, కానీ చిన్నది కాదు: పిలిచిన ప్రతిసారీ కంపైలర్‌తో సహా అంతా మళ్లీ లేస్తుంది. రోజుకు పదిసార్లు నడిపే స్క్రిప్టుకు ఫర్వాలేదు. షెల్ లూప్‌లో వెయ్యి ఫైళ్లకు వెయ్యిసార్లు పిలిస్తే ఓపిక నశిస్తుంది. అలాంటప్పుడు ఫైళ్ల పేర్లన్నీ ఒకేసారి ఆర్గ్యుమెంట్లుగా తీసుకునేలా స్క్రిప్టు మార్చండి. బయటి లైబ్రరీలకు సొంత ఏర్పాటు లేదు, జార్ ఫైళ్లు (కంపైల్ చేసిన జావా లైబ్రరీలు) తెచ్చి క్లాస్‌పాత్‌లో (జావా వాటిని వెతికే చోట్ల జాబితాలో) పెట్టుకోవాలి. అది విసుగనిపిస్తే జేబ్యాంగ్ అనే విడి పనిముట్టు వాడండి. "//డెప్స్" (డెప్స్ పెద్ద అక్షరాల్లో) అనే కామెంట్ పక్కన గ్రూపు, పేరు, వెర్షన్ కోలన్లతో రాస్తే దింపుకుంటుంది, కంపైల్ చేసిన జార్‌ను దాచిపెట్టుకుంటుంది, కావాల్సిన జేడీకే లేకపోతే అదీ తెచ్చుకుంటుంది. జావాలో స్క్రిప్టులు విరివిగా రాసేవాళ్లకు నా సలహా జేబ్యాంగే.

గో రన్: వాడకం ఎక్కువ, లోపమూ ఎక్కువే

స్క్రిప్టింగ్‌కు గో భాష చక్కగా సరిపోతుంది. స్టాండర్డ్ లైబ్రరీ పెద్దది, కంపైల్ వేగం ఎక్కువ. కానీ "గో రన్" అనే ఆదేశాన్ని స్క్రిప్టు రన్నర్‌గా నమ్మి పెద్ద పనులు అప్పజెప్పడం గురించి గట్టిగానే హెచ్చరించాలి.

మొదటిది, గో భాష #! లైనును ఒప్పుకోదు; # చెల్లని అక్షరం అంటుంది. కాబట్టి జనం ఒక ఉపాయం పట్టారు. ఫైలు మొదటి లైను ఇలా ఉంటుంది:

//యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ గో రన్ "$0" "$@"; ఎగ్జిట్ "$?"

గోకు ఇది కామెంట్. షెల్‌కు ఇది ఆదేశం, ఎందుకంటే లైనక్స్‌లో, మాక్‌లో పాత్ మొదట్లో రెండు స్లాష్‌లున్నా ఒకటే లెక్క. చివర ఎగ్జిట్ లేకపోతే షెల్ రెండో లైనుకు వెళ్లి "ప్యాకేజ్: కమాండ్ నాట్ ఫౌండ్" అని గోల పెడుతుంది. సిగ్‌విన్‌లో (విండోస్ మీద యూనిక్స్ వాతావరణం ఇచ్చేది) మాత్రం రెండు స్లాష్‌లంటే నెట్‌వర్క్‌లో ఇంకో మెషీన్ పేరని అర్థం. అక్కడ మూడు స్లాష్‌లు పెట్టాలి. మూడు పెడితే అన్ని చోట్లా ఒకటే లెక్క. ఈ లైనుకూ ప్యాకేజ్ లైనుకూ మధ్య ఒక ఖాళీ లైను తప్పకుండా వదలండి. లేకపోతే అది ప్యాకేజీ డాక్యుమెంటేషన్ కామెంట్ అవుతుంది. గో 1.19 నుంచి గోఫ్మ్‌ట్ (గో కోడ్‌ను తీరుగా సర్దే పనిముట్టు) అలాంటి కామెంట్లను సర్దుతుంది, స్లాష్‌ల తర్వాత ఒక ఖాళీ చేరిందంటే మీ స్క్రిప్టు పని అయిపోయినట్టే. ఫైలు పేరు చివర .గో కూడా ఉండాలి, లేకపోతే గో రన్ దాన్ని ప్యాకేజీ పేరనుకుని వెతకడం మొదలుపెడుతుంది.

ఈ ఉపాయంలో దాగిన బలహీనత ఇది: ఫైల్లో #! లేదు కాబట్టి కెర్నెల్ దాన్ని "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని వెనక్కి కొడుతుంది. షెల్ నుంచి పిలిస్తే, ఆ తిరస్కారం చూసి షెల్ తానే ఆ ఫైలును షెల్ స్క్రిప్టుగా చదువుతుంది. అందుకే టెర్మినల్‌లో నడుస్తుంది, క్రాన్‌లోనూ నడుస్తుంది. పైథాన్‌లోని సబ్‌ప్రాసెస్ నేరుగా పిలిస్తే మాత్రం తప్పు నంబరు 8తో ఆగిపోతుంది. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే వ్యవస్థ) సర్వీసులో పెడితే 203/ఎగ్జెక్ అని చూపిస్తుంది. అలాంటి చోట్ల ఫైలు పేరుకు ముందు /బిన్/ఎస్‌హెచ్ చేర్చి పిలవండి, పని జరుగుతుంది.

రెండోది ఎగ్జిట్ కోడ్. ప్రోగ్రాము 3తో ముగిస్తే గో రన్ "ఎగ్జిట్ స్టేటస్ 3" అని ఎర్రర్ స్ట్రీమ్‌లో రాసి, తాను మాత్రం 1తో ముగుస్తుంది. ఇది బగ్ అనుకోకండి, తన ఎగ్జిట్ స్టేటస్ ప్రోగ్రాముది కాదని గో పత్రాల్లోనే రాసి ఉంది. దీనివల్ల జరిగే నష్టం ఒక ఉదాహరణతో చూడండి. నాగియోస్ (సర్వర్లను గమనించే ప్రోగ్రాము) తరహా పర్యవేక్షణలో 0 అంటే బాగుంది, 1 అంటే హెచ్చరిక, 2 అంటే ప్రమాదం, 3 అంటే తెలియదు. డిస్కు నిండిపోయిందని మీ గో స్క్రిప్టు 2తో అరిచినా, బయటికి వచ్చేది 1. అర్ధరాత్రి మోగాల్సిన గంట మోగదు, పొద్దున్నే చూసుకోవచ్చులే అన్నట్టు ఒక పసుపు గుర్తు పడుతుంది. ఎగ్జిట్ కోడ్ మీద ఆధారపడే ఏ పనికీ గో రన్ పనికిరాదు. ఈ మాటలో సడలింపు లేదు.

సిగ్నళ్లదీ (ఆగిపొమ్మని ప్రాసెస్‌కు పంపే సంకేతాలదీ) అదే దారి. గో రన్ అసలు ప్రోగ్రామును చైల్డ్ ప్రాసెస్‌గా లేపుతుంది. టెర్మినల్‌లో కంట్రోల్-సీ కొడితే ఇద్దరికీ అందుతుంది కాబట్టి తేడా తెలియదు. కానీ గో రన్ ప్రాసెస్ నంబరుకు కిల్‌తో టెర్మ్ సిగ్నల్ పంపితే అది చచ్చిపోతుంది, అసలు ప్రోగ్రాము అనాథగా నడుస్తూనే ఉంటుంది. పోర్టు పట్టుకుని కూర్చున్న పాత సర్వర్ ఎక్కడి నుంచి వచ్చిందా అని తల పట్టుకునేది ఇలాంటప్పుడే.

మూడోది డైరెక్టరీ. గో రన్ మాడ్యూల్ ఫైలును (బయటి ప్యాకేజీల జాబితా ఉండే గో.మాడ్‌ను) వెతికేది మీరు నిలబడిన డైరెక్టరీ నుంచి. స్క్రిప్టు ఉన్న చోటు నుంచి కాదు. స్టాండర్డ్ లైబ్రరీ మాత్రమే వాడితే గండం లేదు. బయటి ప్యాకేజీ ఒక్కటి వాడినా, ఒక డైరెక్టరీలో నడిచింది ఇంకోచోట ఆ ప్యాకేజీని ఇచ్చే మాడ్యూల్ లేదని మొరాయిస్తుంది. ఇంకా చిత్రం, మీరున్న డైరెక్టరీలోని గో.మాడ్ కొత్త గో వెర్షన్ అడిగితే, గో 1.21 నుంచి ఆ టూల్‌చెయిన్‌ను (కంపైలర్, దాని పనిముట్ల కట్టను) దింపుకోవడం మొదలవుతుంది. స్క్రిప్టుతో ఏ సంబంధమూ లేని ప్రాజెక్టులో నిలబడినందుకు ఈ ఖర్చు! గోటూల్‌చెయిన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (పేరు పెద్ద అక్షరాల్లో) లోకల్ అని విలువ ఇస్తే కనీసం ఆ దిగుమతి ఆగుతుంది.

మంచి మాట కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.24 నుంచి గో రన్ తయారుచేసిన ఎగ్జిక్యూటబుల్ కూడా క్యాష్‌లో నిలుస్తుంది. అంతకుముందు ప్యాకేజీలు క్యాష్‌లో ఉన్నా లింకింగ్ (ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రాముగా కట్టడం) ప్రతిసారీ జరిగేది. ఆ మేరకు క్యాష్ డైరెక్టరీ లావవుతుంది, అప్పుడప్పుడు "గో క్లీన్ -క్యాష్" కొట్టుకోండి.

అసలు సీ కంపైలర్‌తోనే కావాలంటే

ఆప్టిమైజేషన్ తప్పనిసరైతే జీసీసీ, క్లాంగ్ దారి పట్టాలి. వాటికి రన్ ఆప్షన్ లేదు. కానీ సీలో # అంటే ప్రీప్రాసెసర్, షెల్‌లో # అంటే కామెంట్. ఈ పోలికను వాడుకుని ఫైలు పైన #ఇఫ్ 0 అని, కింద #ఎండిఫ్ అని రాసి, మధ్యలో మూడు నాలుగు షెల్ లైన్లు పెట్టొచ్చు. సీ కంపైలర్ ఆ భాగాన్ని వదిలేస్తుంది, షెల్ దాన్నే నడుపుతుంది. ఆ లైన్లలో జరగాల్సింది ఇంతే: హోమ్ డైరెక్టరీలోని క్యాష్ ఫోల్డర్లో బైనరీ (కంపైలైన ప్రోగ్రాము) ఉందా, అది "$0" కన్నా కొత్తదా అని -ఎన్‌టీ తో చూడాలి, కాకపోతే కంపైల్ చేయాలి, కంపైల్ విఫలమైతే అక్కడే 1తో ముగించాలి, చివర్లో ఎగ్జెక్‌తో బైనరీని "$@" ఇచ్చి పిలవాలి. ఎగ్జెక్ అన్న మాట మర్చిపోవద్దు. దానివల్లే షెల్ స్థానంలోకి ప్రోగ్రాము వచ్చి కూర్చుంటుంది, ఎగ్జిట్ కోడ్, సిగ్నళ్లు సూటిగా చేరతాయి.

ఇందులో రెండు జాగ్రత్తలు. బైనరీని నేరుగా అసలు పేరుతో రాయకుండా, చివర $$ (ప్రాసెస్ నంబరు) తగిలించిన తాత్కాలిక పేరుతో రాసి ఆ తర్వాత ఎమ్‌వీతో పేరు మార్చండి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది కాబట్టి, అదే క్షణంలో స్క్రిప్టును పిలిచిన ఇంకొకరి చేతికి సగం రాసిన బైనరీ చిక్కదు. రెండోది, క్యాష్‌ను /టెంప్‌లో ఊహించగలిగే పేరుతో పెట్టకండి. అదే పేరుతో ఇంకో యూజర్ ముందే ఒక ఫైలు పెట్టి ఉంచితే మీరు నడిపేది అతని ప్రోగ్రాము. గోలో ఎగ్జిట్ కోడ్ సమస్యకు కూడా ఇదే మందు: మొదటి లైన్లో గో రన్ తీసేసి గో బిల్డ్, ఆపై ఎగ్జెక్. #! లేని ఫైళ్లకు పైన చెప్పిన కెర్నెల్ తిరస్కారం మాత్రం దీనికీ తప్పదు.

రస్ట్: తొలిసారి ఓపిక పట్టాలి

రస్ట్ కంపైలర్ మొదటి లైన్లోని షెబాంగ్‌ను తనంతట తానే వదిలేస్తుంది, #! వెంటనే చదరపు బ్రాకెట్ ఉంటేనే దాన్ని భాషలో భాగంగా చూస్తుంది. రస్ట్ ప్యాకేజీలు చూసే పనిముట్టు కార్గో; కార్గో స్క్రిప్ట్ ఆలోచన ఆర్ఎఫ్‌సీ 3424 అనే ప్రతిపాదనలో ఉంది. షెబాంగ్ కింద మూడు గీతల మధ్య టామ్ల్ (సెట్టింగులు రాసే ఒక పద్ధతి) రూపంలో డిపెండెన్సీలు (కావాల్సిన బయటి లైబ్రరీలు) రాస్తే, ఆ ఒక్క ఫైలే ఒక పూర్తి ప్యాకేజీ. ఇది నైట్లీ (రోజూ వచ్చే ప్రయోగాత్మక) టూల్‌చెయిన్‌లో -జెడ్‌స్క్రిప్ట్ జెండాతో (జెడ్ పెద్ద అక్షరం) పుట్టి పెరిగింది. ఏ జెండాలూ లేకుండా స్టేబుల్ (స్థిర విడుదల) మీదే పని కావాలంటే రస్ట్-స్క్రిప్ట్ అనే పనిముట్టు ఉంది. "కార్గో ఇన్‌స్టాల్ రస్ట్-స్క్రిప్ట్" అంటే దిగుతుంది. దాంట్లో డిపెండెన్సీలు ఫైలు పైనున్న కామెంట్లో రాస్తారు, ప్రత్యేకంగా అడగకపోతే ఆప్టిమైజ్ చేసిన బైనరీనే కడుతుంది.

డిపెండెన్సీని ఫైల్లోనే రాసుకునే పద్ధతి ఈ సమీక్షలో ఉన్నవాటన్నిట్లో రస్ట్‌దే నాకు ఎక్కువ నచ్చింది. యూనిక్స్‌లో కార్గో చివరికి ప్రోగ్రామును ఎగ్జెక్ చేస్తుంది, అందువల్ల ఎగ్జిట్ కోడ్ గురించి దిగులు లేదు. బాధ ఎక్కడంటే మొదటి పరుగు. నాలుగు క్రేట్లు (రస్ట్ లైబ్రరీలు) అడిగితే అవి తెచ్చే పిల్ల క్రేట్లన్నీ కంపైల్ కావాలి. రెండోసారి నుంచి బైనరీ సిద్ధంగా ఉంటుంది. ఇంకోటి, స్క్రిప్టు పక్కన లాక్ ఫైలు (ఏ వెర్షన్లు దిగాయో రాసిపెట్టేది) ఉండదు. మీ మెషీన్‌లో, ఇంకొకరి మెషీన్‌లో వేరు వేరు వెర్షన్లు దిగొచ్చు. స్క్రిప్టును నలుగురికీ పంచేటప్పుడు వెర్షన్ ముందు = గుర్తు పెట్టి బిగించండి.

డాట్‌నెట్ 10: ఆలస్యంగా వచ్చినా నిండుగా వచ్చింది

2025 నవంబరులో, సీ షార్ప్ నడిచే డాట్‌నెట్ 10తో "డాట్‌నెట్ రన్ యాప్.సీఎస్" కుదిరింది, ప్రాజెక్టు ఫైలు అక్కర్లేదు. #:ప్యాకేజ్ అని రాసి పేరు@వెర్షన్ ఇస్తే నూగెట్ (డాట్‌నెట్ ప్యాకేజీల భాండారం) నుంచి తెచ్చుకుంటుంది. "#!/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ డాట్‌నెట్" అనే షెబాంగ్‌కు అదనపు పదాలేవీ అవసరం లేదు కాబట్టి -ఎస్ గొడవ కూడా లేదు. స్క్రిప్టు పెరిగి పెద్దదైతే "డాట్‌నెట్ ప్రాజెక్ట్ కన్వర్ట్" అంటే మామూలు ప్రాజెక్టుగా మారిపోతుంది. ఇలా ఎదిగే దారి చూపించడం మెచ్చుకోవాల్సిన విషయం.

ఒక తప్పు మాత్రం చాలామందిని తికమక పెడుతుంది. ఒక్క ఫైలు యాప్‌లకు నేటివ్ ఏఓటీ (ముందే మెషీన్ కోడ్‌గా కంపైల్ చేసే పద్ధతి) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. దాని ప్రభావం మామూలు రన్ మీద కూడా పడి, జేసన్ సీరియలైజర్‌కు ఒక ఆబ్జెక్ట్ ఇవ్వగానే రిఫ్లెక్షన్ (నడుస్తూనే టైపుల నిర్మాణం చదువుకోవడం) ఆధారిత సీరియలైజేషన్ ఆపేశారని ఎక్సెప్షన్ వస్తుంది. ప్రాజెక్టులో నడిచిన కోడే ఇక్కడ నడవకపోతే ఎవరికైనా అయోమయమే. ఫైలు పైన "#:ప్రాపర్టీ పబ్లిష్‌ఏఓటీ=ఫాల్స్" అని ఒక్క లైను రాస్తే పోతుంది. పక్కనే ప్రాజెక్టు ఫైలున్న డైరెక్టరీలో నడిపితే ఫైలు పేరును ఆర్గ్యుమెంట్ అనుకుని ఆ ప్రాజెక్టునే నడుపుతుంది, అక్కడ --ఫైల్ స్పష్టంగా ఇవ్వాలి. మొదటి బిల్డ్ నిదానమే. అది ఎంఎస్‌బిల్డ్ (డాట్‌నెట్ బిల్డ్ వ్యవస్థ), రిస్టోర్ (ప్యాకేజీలు తెచ్చుకోవడం) అన్నీ దాటి రావాలి మరి.

మిగతావి

డీ భాషలో ఆర్‌డీఎమ్‌డీ చాలా ఏళ్లుగా ఈ పని నిశ్శబ్దంగా, సరిగ్గా చేస్తోంది. షెబాంగ్ భాష నిర్వచనంలోనే ఉంది, ఇంపోర్ట్ చేసిన ఫైళ్లను వెతికి కంపైల్ చేస్తుంది, మారకపోతే క్యాష్ నుంచి నడుపుతుంది. దానికి రావాల్సినంత పేరు రాలేదు. నిమ్‌లో # ఎలాగూ కామెంటే కాబట్టి షెబాంగ్ సహజంగా ఇముడుతుంది. జిగ్ రన్ వేగంగా ఉంటుంది కానీ షెబాంగ్ ఒప్పుకోదు, అడగకపోతే డీబగ్ మోడ్‌లో కడుతుంది, భాష 1.0కు చేరలేదు కాబట్టి నిరుటి స్క్రిప్టు కొత్త వెర్షన్‌తో కంపైల్ కాకపోవచ్చు. హాస్కెల్‌లో రన్‌జీహెచ్‌సీ చేసేది ఇంటర్‌ప్రెట్ చేయడం. లెక్కల పని బరువుగా ఉంటే తేడా తెలుస్తుంది.

క్రాన్, సిస్టమ్‌డీలకు అప్పగించేముందు

వీటిలో దేన్ని ఎంచుకున్నా టెర్మినల్‌లో బాగా నడిచి క్రాన్‌లో పడిపోయే కారణాలు రెండు మూడే. క్రాన్ ఇచ్చే పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే డైరెక్టరీల జాబితా) సాధారణంగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ వరకే. గో తరచుగా ఉండేది /యూఎస్ఆర్/లోకల్/గో/బిన్‌లో, కార్గో ఉండేది హోమ్‌లోని .కార్గో/బిన్‌లో. ఎన్వ్‌కు అవి కనబడవు, 127తో ముగుస్తుంది. క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల జాబితా ఫైలు) పైన పాత్ లైను (పేరు పెద్ద అక్షరాల్లో) రాయడమే సులువు. సిస్టమ్‌డీలో యూజర్ పేరు ఇవ్వని సిస్టమ్ సర్వీసుకు హోమ్ వేరియబుల్ ఉండదు. అప్పుడు గో, బిల్డ్ క్యాష్ ఎక్కడ పెట్టాలో తెలియదని ఆగిపోతుంది. సర్వీసు ఫైల్లో యూజర్ పేరైనా ఇవ్వండి, గోక్యాష్‌కు (పేరు పెద్ద అక్షరాల్లో) ఒక పాత్ అయినా ఇవ్వండి. /టెంప్‌ను నోఎగ్జెక్‌తో (అక్కడ ప్రోగ్రాములు నడపకూడదన్న షరతుతో) మౌంట్ చేసిన సర్వర్లలో 1.24కు ముందు గో రన్ "పర్మిషన్ డినైడ్" అంటుంది, ఎందుకంటే బైనరీని కట్టి నడిపేది అక్కడే. గోటెంప్‌డిర్‌ను (ఇంగ్లిష్‌లో GOTMPDIR) నడపడానికి అనుమతి ఉన్న డైరెక్టరీకి మళ్లించండి. అదయ్యాక ఒకసారి అన్ని వేరియబుల్స్ తీసేసి, "ఎన్వ్ -ఐ" ముందు పెట్టి, స్క్రిప్టును పూర్తి పాత్‌తో చేత్తో పిలిచి చూడండి. అక్కడ నడిచిందంటే రాత్రి రెండింటికీ నడుస్తుంది.